మీకు తెలుసా? గ్యాస్ అనుకున్నది గుండెపోటు కావచ్చు
గుండెపోటు నొప్పి ఎడమవైపే, పొడిచినట్టే రావాలని లేదు. చాలామందికి ఛాతీ మధ్య బండ పెట్టినంత బరువుగా, బిగపట్టినట్టుగా ఉంటుంది. దవడకు, చేతులకు, వీపుకు, ఒక్కోసారి పొట్ట పైభాగానికి పాకుతుంది. మోసపోయేది ఇక్కడే. గ్యాసేలే అనుకుని సోడా తాగి, వాము నమిలి పడుకుంటారు. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో కొందరికి నొప్పే ఉండదు. ఆయాసం, చెమటలు, వాంతి, నీరసం, అంతే.

ఛాతీలో బరువు కొన్ని నిమిషాలైనా తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా, చల్లటి చెమట పట్టినా 108కి ఫోన్ చేయండి. మీరే బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. దారిలో గుండె లయ తప్పవచ్చు.

ఆస్పత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్య ప్రమాణం. తొలి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. మళ్లీ తీయాల్సి రావచ్చు, ట్రోపోనిన్ రక్తపరీక్షా చేస్తారు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 12 గంటల్లోపే ఇస్తారు. అదీ తొలి రెండు మూడు గంటల్లో పడితేనే గుండె కండరం ఎక్కువగా దక్కుతుంది. అర్ధరాత్రి నొప్పి వస్తే తెల్లారనీ అని ఆగకండి, ఇంట్లోవాళ్లను లేపండి.