కరెంటు పెడితే కణంలో ఏం జరుగుతుంది?

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తే మన ఊళ్ళలో "కరెంటు పెట్టారు" అంటారు. అది కరెంటు కాదు, ఎక్స్ కిరణాలో గామా కిరణాలో. మనలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్ళం. ఆసుపత్రి చీటీ ఎవరికొచ్చినా చదివి చెప్పమని మన చేతికే ఇస్తారు. అందుకే ఎం.ఎస్సీ.లో మేము చదువుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతున్నాం.

ఈ కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. కణంలో ఎక్కువ భాగం నీరే గనుక దెబ్బ ఎక్కువగా నీటికే తగులుతుంది. నీటి అణువు చీలి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది సెకనులో కోటో వంతు కూడా నిలవదు గాని, ఆలోపే పక్కనున్న డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది. కొన్ని కిరణాలు నేరుగానే డి.ఎన్.ఏ.కు తగులుతాయి.

డి.ఎన్.ఏ. రెండు పేటల తాడు వంటిది. 1 గ్రే మోతాదుకు ఒక్కో కణంలో సుమారు 1000 చోట్ల ఒక పేట, 40 చోట్ల దాకా రెండు పేటలూ తెగుతాయి. ఒక పేట తెగితే రెండోదాన్ని చూసి కణమే సరిచేసుకుంటుంది. రెండూ తెగితేనే కష్టం. అప్పుడు ఎ.టి.ఎం. అనే ప్రోటీన్ (డబ్బులిచ్చేది కాదు!) తెగిన సంగతి గుర్తించి కబురు పంపుతుంది. పి53 అనే మరో ప్రోటీన్ కణ విభజనను ఆపుతుంది. మరమ్మతు కుదిరితే సరి, లేకపోతే కణం తనను తాను చంపుకుంటుంది. తప్పుగా అతుక్కుని బతికిన కణంతోనే ముప్పు. 1945లో హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడిన వాళ్ళలో కొందరికి ఏళ్ళ తర్వాత క్యాన్సర్లు రావడానికి ఇదే కారణం.

మంచి కణాలకు ఈ మరమ్మతు బాగా వచ్చు, చాలా క్యాన్సర్ కణాలకు అంతగా రాదు. అందుకే మొత్తం మోతాదు ఒక్కసారే ఇవ్వకుండా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. రోజుకూ రోజుకూ మధ్య మంచి కణాలు కోలుకుంటాయి. నోరు పూసిందనో, చర్మం కమిలిందనో మధ్యలో మానేసి ఊరికి వచ్చేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరుగుతాయి. పూత, కమలడం సంగతి డాక్టరుకు చెప్పాలి గాని కోర్సు ఆపకూడదు.

ఇంకో మాట. బయటి నుంచి యంత్రంతో ఇచ్చిన కిరణాలు ఒంట్లో నిలవ ఉండవు. అయినా కొన్ని ఇళ్ళల్లో ఆ మనిషికి కంచం, గ్లాసు వేరు పెడతారు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. వేరు గ్లాసు బాధ ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగించే రేడియో అయోడిన్ సంగతి వేరు. దానికి కొన్నాళ్ళు దూరంగా ఉండమని డాక్టర్లే చెబుతారు.