కొత్త గడప – మూగభయం

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో మొట్టమొదటిది కుక్క. మనిషి నాగలి పట్టి నేల దున్నడం నేర్వకముందే కుక్క అతని వెంట నడిచింది. 1914లో జర్మనీ దేశంలోని బాన్ నగరం సమీపాన, ఓబర్‌కాసెల్ అనే చోట రాళ్ళు తీసే కూలీలకు ఒక ప్రాచీన సమాధి కనిపించింది. దాదాపు 14,000 సంవత్సరాల నాటి ఆ సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఒక చిన్న వయస్సు కుక్క అస్థికలు ఉన్నాయి. ఆ కుక్క పిల్లప్రాయంలోనే తీవ్రంగా జబ్బుపడిందనీ, మనుషులు దగ్గరుండి సాకడం వల్లనే కొన్ని వారాలైనా బ్రతికి ఉండవచ్చుననీ పరిశోధకులు దాని దంతాలను పరీక్షించి అభిప్రాయపడ్డారు. వేటాడలేని, కాపలా కాయలేని ఒక మూగప్రాణిని ఆదిమ మానవుడు పోషించాడంటే, ఆ బంధం కేవలం ప్రయోజనం కోసం ఏర్పడినది కాదని తెలుస్తుంది.

ఆంధ్ర మహాభారతం తొలి ఘట్టాలలోనే కుక్క ప్రసక్తి వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవతల కుక్క అయిన సరమ కొడుకు సారమేయుడు ఆడుకొంటూ వచ్చాడు. అతడు హవిస్సును ముట్టలేదు, దానివైపు చూడనైనా లేదు. అయినా జనమేజయుని తమ్ముళ్ళు అతనిని కొట్టి తరిమారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను చూసి సరమ రాజు వద్దకు వెళ్ళి ప్రశ్నించింది. తగినది ఏదో తగనిది ఏదో విచారించకుండా దుర్బలులకు కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు కలుగుతాయని హెచ్చరించి వెళ్ళింది. ఏ తప్పూ చేయని చిన్న ప్రాణికి భయం కలిగించడం ఎంతటి అపరాధమో చెప్పడానికి ఇంతకన్న మంచి కథ అరుదు. యాగశాలలో సారమేయునికి ఎదురైన అనుభవం వేరొక రూపంలో నేటికీ అనేక గృహాలలో జరుగుతూనే ఉన్నది. ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల మూలన నక్కి వణుకుతుంటే, దాని భయం అర్థం కాక కసరుకొనేవారు, కొట్టేవారు, చివరకు వీధిలో విడిచిపెట్టేవారు లేకపోలేదు.

నంద్యాలలోని ఒక ఇంటిలో పుట్టిన పొమరేనియన్ జాతి కుక్కపిల్లను ఆళ్ళగడ్డలోని ఒక కుటుంబం తెచ్చుకొన్నదని భావిద్దాం. ఈ రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. మనిషికి అది గంట ప్రయాణం. కాని ఆ కుక్కపిల్లకు అది ఒక లోకం నుంచి మరొక లోకానికి జరిగిన ప్రయాణం. తల్లి ఒంటి వెచ్చదనం, తోడబుట్టినవాటి స్పర్శ, పడుకొనే గోనెపట్ట వాసన, అన్నం పెట్టే చేయి, అలవాటైన గొంతులు అన్నీ ఒక్క పూటలో మాయమవుతాయి. కొత్త ఇంటి గడప దాటగానే తెలియని ముఖాలు చుట్టుముడతాయి. పిల్లలు ఒకరి చేతిలోనుంచి ఒకరు లాక్కొంటారు. ఇరుగుపొరుగువారు చూడవస్తారు. వంటింటిలో కుక్కర్ ఈల వేస్తుంది. ఇవన్నీ ఇంటివారికి సంబరాలే, కాని రెండు మూడు కిలోల బరువున్న ఆ ప్రాణికి మాత్రం ఉపద్రవాలే.

భయపడిన కుక్క మాటలతో చెప్పలేదు గాని శరీరంతో చెబుతుంది. తోకను కాళ్ళ మధ్య ముడుచుకోవడం, చెవులను వెనుకకు వాల్చడం, ముఖం ప్రక్కకు త్రిప్పుకొని కంటి తెల్లగ్రుడ్డు కనబడేటట్లు ఓరగా చూడడం అందరికీ తెలిసే గుర్తులు. నిద్ర రాకపోయినా పదేపదే ఆవులించడం, ఆహారం లేకపోయినా పెదవులు నాకుకోవడం, ఎండ లేకపోయినా రొప్పడం కూడ ఆందోళనకు చిహ్నాలే. ఈ గుర్తులను గమనించక దగ్గరకు లాగితే అది గుర్రుమంటుంది. గుర్రుమనడం పొగరు కాదు, 'ఇంకా దగ్గరకు రావద్దు' అనే విన్నపం. ఆ విన్నపాన్ని దండించి అణచివేస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. అటువంటి కుక్క తరువాత హెచ్చరించకుండానే కరుస్తుంది.

భయం కలిగినప్పుడు దేహంలో అడ్రినలిన్, కార్టిసాల్ వంటి స్రావాలు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది. ఆకలి మందగిస్తుంది. ఆ స్థితిలో ఉన్న ప్రాణికి పారిపోవడం, దాక్కోవడం, ఎదురుతిరగడం తప్ప మరొకటి తోచదు, కొత్త సంగతి నేర్చుకొనే శక్తి ఉండదు. కనుక తొలి రోజులలో శిక్షణ కంటె శాంతి ముఖ్యం. ఇల్లంతా ఒక్కసారిగా చూపకుండా, మనుషుల సంచారం తక్కువగా ఉండే ఒక మూలను దానికి కేటాయించాలి. ఒక ప్రక్క తెరచి ఉన్న అట్టపెట్టెలో పాత దుప్పటి పరిస్తే చాలు. పుట్టిన ఇంటినుంచి తల్లి వాసన ఉన్న గుడ్డముక్కను తెచ్చి అందులో వేయడం మంచిది. వాసనల ద్వారానే లోకాన్ని గుర్తించే కుక్కకు ఆ గుడ్డ ఒక ఆత్మీయుని వంటిది. అది పెట్టెలోకి వెళ్ళి దాక్కొన్నప్పుడు ఎవరూ చేయి పెట్టి బయటకు లాగకూడదు. తనకు ఒక రక్షణస్థానం ఉన్నదనే నమ్మకం కలిగిన తరువాతనే అది బయటకు వచ్చే ధైర్యం చేస్తుంది.

ఈ ప్రాంతపు ఇళ్ళలో నాపబండల నేల సర్వసాధారణం. వేసవిలో అది లోపల చల్లగా ఉండి కుక్కకు హాయినిస్తుంది. అయితే నునుపైన బండలపై చిన్న పాదాలు జారుతాయి. జారిపడిన కుక్కపిల్ల అటు నడవడానికే జంకుతుంది. అది తిరిగే దారిలో గోనెసంచి పరిస్తే ఆ భయం తప్పుతుంది. ఆరుబయట ఎండకు కాగిన బండలు దాని పాదాలను కాలుస్తాయి. దట్టమైన బొచ్చు గల పొమరేనియన్‌కు రాయలసీమ ఎండలు కష్టమైనవి కనుక నీడ, మంచినీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి.

ఆహారం విషయంలోనూ తొందర పనికిరాదు. పుట్టిన ఇంట ఏది తినేదో తెలుసుకొని కొన్ని రోజులు అదే పెట్టాలి. మార్చదలచుకొంటే వారం పది రోజులలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ప్రేమతో పెట్టినవన్నీ మేలు చేయవు. ఉల్లి, వెల్లుల్లి చేరిన కూరలు, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు హాని చేస్తాయి. ఉడికిన ఎముకలు ముక్కలై ప్రేగులలో గ్రుచ్చుకొంటాయి. అన్నం పెట్టే వేళ, నిద్రించే వేళ, బయటకు తీసుకొనిపోయే వేళ ప్రతిదినం ఒకటే అయితే, తరువాత ఏమి జరుగుతుందో ఆ ప్రాణికి తెలుస్తుంది. ఏమి జరుగుతుందో తెలియకపోవడం భయానికి మూలం. అది తెలియడమే ధైర్యానికి తొలిమెట్టు.

కుటుంబసభ్యులు మెలగవలసిన తీరు కూడ ముఖ్యమైనది. పైనుంచి వంగి తలమీద చేయి వేస్తే చిన్న కుక్కకు కొండ మీద పడినట్లుంటుంది. నేలమీద ప్రక్కకు తిరిగి కూర్చొని, కళ్ళలోకి తదేకంగా చూడకుండా, అది తనంతట తాను దగ్గరకు వచ్చేవరకు వేచి ఉండాలి. అనేక ఇళ్ళలో కొత్త కుక్కపిల్ల మొట్టమొదట చేరేది అవ్వ వద్దకే. వసారాలో కదలక కూర్చొని, మెల్లగా మాట్లాడుతూ, దానిని పట్టుకోవాలనే ఆత్రం చూపకపోవడమే అందుకు కారణం. భయపడిన కుక్కను ఓదారిస్తే భయం మరింత పెరుగుతుందని పూర్వం కొందరు భావించేవారు. అది సరికాదని నేటి జంతుప్రవర్తన నిపుణులు చెబుతున్నారు. ఆశ్రయం కోరి వచ్చిన ప్రాణిని చెంత ఉంచుకొనడం వల్ల దాని నమ్మకమే పెరుగుతుంది. మొదటి రాత్రులలో దానిని పెరట్లో ఒంటరిగా కట్టివేయక, మనుషులు నిద్రించే గదిలోనే పడుకోనివ్వడం మేలు.

ఆళ్ళగడ్డ శిల్పకళకు ప్రసిద్ధిచెందిన పట్టణం. ఇక్కడి శిల్పులు చెక్కిన దేవతామూర్తులు అనేక ఆలయాలకు చేరుతాయి. ఉలి, సుత్తి చప్పుళ్ళకు తోడు నేడు రాతిని కోసే యంత్రాల హోరు కూడ వినిపిస్తుంది. ఊరివారికి అది నిత్యజీవితపు ధ్వని. కాని మనిషి వినగల ధ్వనుల పరిమితి సెకనుకు సుమారు 20,000 కంపనాలు కాగా, కుక్క దాదాపు 45,000 కంపనాల వరకు వినగలదు. ఆ చెవులకు యంత్రపు కీచుధ్వని ఎంత కఠోరంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. అలవాటు చేయాలనే ఉద్దేశంతో దానిని ఎత్తుకొనిపోయి యంత్రం ముందు నిలబెట్టడం క్రూరత్వమే అవుతుంది.

ఇందుకు తగిన ఉపాయాన్ని మనస్తత్వశాస్త్రం ఒక చిన్న బాలుని ద్వారా తెలుసుకొన్నది. 1924లో అమెరికాకు చెందిన మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రజ్ఞురాలు, కుందేలును చూస్తే భయపడే పీటర్ అనే పసివానికి ఆ భయం పోగొట్టిన తీరును ప్రకటించారు. బాలుడు ఇష్టమైన తినుబండారం తింటున్నప్పుడు కుందేలును గదిలో దూరాన ఉంచేవారు. అతడు కలవరపడనంత దూరంలో మొదలుపెట్టి, దినదినమూ కొంచెం కొంచెంగా దగ్గరకు జరిపారు. చివరకు ఆ బాలుడు కుందేలును చేతితో నిమిరాడు. జంతువును చూసి భయపడిన మనిషికి ఉపకరించిన ఈ పద్ధతే, మనిషి చేసే చప్పుళ్ళకు భయపడే జంతువుకూ ఉపకరిస్తుంది. ఉలి చప్పుడు సన్నగా మాత్రమే వినిపించే వీధి చివర కుక్కపిల్లను నిలిపి, దానికి ప్రియమైన ఆహారం కొంచెం కొంచెం అందించాలి. అది నిశ్చింతగా తింటే కొన్ని రోజుల తరువాత నాలుగడుగులు ముందుకు వేయవచ్చు. తినడం మానివేస్తే దగ్గరకు వచ్చామని గ్రహించి వెనుకకు మరలాలి. కొంతకాలానికి ఆ చప్పుడు ఆపదకు కాక ఆహారానికి సూచన అవుతుంది. వినాయక చవితి ఊరేగింపుల వాద్యాలకు, దీపావళి బాణసంచాకు మాత్రం ఇంతటి వ్యవధి దొరకదు. ఆ రోజులలో తలుపులు, కిటికీలు మూసి, ఇంట ఒకరు దాని వద్దనే ఉండాలి.

బెదిరిన కుక్కకు తోచే మొదటి ఉపాయం పరుగు. కొత్త ఊరిలో దారి తెలియదు. ఇంటిపేరు చెప్పలేదు. వీధికుక్కల బారిన, వాహనాల బారిన పడితే చిన్న కుక్క బ్రతకడం కష్టం. అందువల్ల తొలి వారాలలో వీధి తలుపు వేసి ఉన్నదా లేదా అని చూసుకొనడం ఇంటివారందరి బాధ్యత. బయటకు తీసుకొనిపోయేటప్పుడు మెడపట్టీ కంటె ఛాతీ చుట్టూ వేసే పట్టీ శ్రేయస్కరం. పొమరేనియన్ వంటి చిన్న జాతులకు శ్వాసనాళం సున్నితమైనది కనుక మెడను లాగితే ప్రమాదం. పట్టీకి ఫోన్ నంబరు వ్రాసిన బిళ్ళ తగిలించాలి. ఒంటరిగా ఉండడం కూడ క్రమంగానే నేర్పాలి. మొదట ఒక నిమిషం, తరువాత అయిదు నిమిషాలు, ఆపైన అరగంట వెలుపల ఉండి తిరిగి రావాలి. వెళ్ళినవారు తప్పక వస్తారని అనుభవం ద్వారా తెలిసిన కుక్క తలుపులు గీరదు, ఊరంతా వినబడేటట్లు ఏడవదు.

ఆరోగ్యరక్షణ కూడ ఈ సంరక్షణలో భాగమే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సులో డిస్టెంపర్, పార్వో వ్యాధుల నివారణకు టీకాలు ప్రారంభించాలి. మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుని సలహా ప్రకారం మరల వేయిస్తూ ఉండాలి. ఎంత చిన్న కుక్క కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలపాటు కడిగి వైద్యశాలకు వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అకాలంలో తల్లినుంచి వేరుచేయడం కూడ భయానికి ఒక కారణం. మూడవ వారం నుంచి సుమారు పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల లోకంతో పరిచయం పెంచుకొనే కాలమని స్కాట్, ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను విక్రయించరాదని భారత ప్రభుత్వం 2017లో నియమం చేసింది.

ఈ ప్రయత్నాలు ఎన్నాళ్ళకు ఫలిస్తాయనే ప్రశ్న సహజమైనది. జంతుసంరక్షకులు స్థూలంగా ఒక లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకొనడానికి మూడు నెలలు. ఇది శాసనం కాదు. ఒక కుక్కకు మూడు రోజులలోనే సాధ్యమైనది, దెబ్బలు తిన్న మరొక కుక్కకు సంవత్సరం పట్టవచ్చు. చాలామంది ఓర్పు మూడవ వారానికే సన్నగిల్లుతుంది. అప్పుడే 'ఇది పిరికిది, పనికిరాదు' అనే మాట పుడుతుంది. మరికొన్ని రోజులు ఆగితే తోక ఊపుతూ ఎదురువచ్చే ప్రాణి, ఆ ఒక్క మాటతో వీధి పాలవుతుంది. ఆహారం, నీరు దొరకక బాధపడే స్థితిలో పెంపుడు జంతువును తగిన కారణం లేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ప్రాణికోటి పట్ల కరుణ కలిగి ఉండడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో చేసిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చారు.

శిలకు ఉలిదెబ్బ రూపాన్ని ఇస్తుంది. ప్రాణికి దెబ్బ భయాన్ని మాత్రమే ఇస్తుంది. ఆళ్ళగడ్డ శిల్పికి కూడ రాతిని మలచడంలో తొందర పనికిరాదు. రాతి విషయంలోనే అంత ఓర్పు అవసరమైతే, వణికే ప్రాణం విషయంలో ఎంత ఓర్పు కావాలో చెప్పనక్కరలేదు. ఒకనాటి ఉదయం ఆ కుక్కపిల్ల అట్టపెట్టె నుంచి ఎవరూ పిలవకుండానే బయటకు వచ్చి, గడప మీద పడిన ఎండలో కాళ్ళు చాపి కళ్ళు మూసుకొంటుంది. ఎదుట మనుషులు తిరుగుతున్నా, దూరాన ఉలి మ్రోగుతున్నా లేవదు. అది చిన్న సంఘటనే. కాని తనకంటె ఎన్నో రెట్లు బలవంతుడైన మనిషి ముందు ఒక దుర్బల ప్రాణి కళ్ళు మూసుకొని నిద్రించగలగడం కంటె ఆ మనిషికి దక్కే గౌరవం మరొకటి లేదు. మహాప్రస్థానంలో తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికైనా రానన్న ధర్మరాజు నిలబెట్టిన ధర్మం ఇదే. నమ్మి వెంట వచ్చినదానిని విడువరాదు. నమ్మకం ఇంకా కుదరనిదానిని కుదిరేవరకు ఓర్పుతో కాచుకోవాలి.