సముద్రం నడుమ నుంచి లేచిన సీ హాక్‌లు

అత్తిలి చుట్టుపక్కల వాళ్లకు తాడేపల్లిగూడెంలోని రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే సంగతి తెలిసిందే. ఆ యుద్ధంలోనే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. 29 ఏళ్లు తిరిగేసరికి, అదే బంగాళాఖాతంలో మన పైలట్లు మన నౌక మీద నుంచే యుద్ధానికి లేచారు.

తొలి నౌక, తొలి జెట్: మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ 1961 మార్చి 4న నౌకాదళంలో చేరింది. దానిమీద తొలిసారి జెట్ దించిన భారతీయ పైలట్ లెఫ్టినెంట్ ఆర్.హెచ్. తహిలియానీ. తర్వాత ఆయన నౌకాదళాధిపతి అయ్యారు.

పొట్టి రన్‌వే: నౌక మొత్తం పొడవే సుమారు 213 మీటర్లు. అందుకే ఆవిరి బలంతో విమానాన్ని ముందుకు విసిరేవారు. దిగేటప్పుడు విమానం తోక కింది కొక్కెం డెక్ మీది ఉక్కు తీగకు తగులుకోవాలి. తప్పితే మళ్లీ గాల్లోకి లేవాల్సిందే.

దెబ్బతిన్న బాయిలర్: 1971 నాటికి విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది. వేగం తగ్గినా పాకిస్తాన్‌తో యుద్ధానికి వెళ్లింది. దానికోసం వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది.

తొలి దెబ్బ: 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి లేచిన ఎనిమిది సీ హాక్ యుద్ధ జెట్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. ఆ తర్వాత చిట్టగాంగ్ వంతు వచ్చింది.

మహావీరుడు: ఈ దాడులను నడిపించింది 300 స్క్వాడ్రన్ అధిపతి లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా. నేల మీది తుపాకుల కాల్పులకు విమానం దెబ్బతిన్నా, దాన్ని విక్రాంత్ మీదకే క్షేమంగా తెచ్చి దించారు. దెబ్బతిన్న విమానాన్ని కదిలే డెక్ మీద దించడానికి కూడా, శత్రువు మీద పడటానికి కావలసినంత గుండె ధైర్యం కావాలి. ప్రభుత్వం ఆయనను మహావీర చక్రతో గౌరవించింది.

ఒకే నౌకకు: విక్రాంత్ సిబ్బందికి 2 మహావీర చక్రలు, 12 వీర చక్రలు దక్కాయి. రెండో మహావీర చక్ర నౌక కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌ది. ఘాజీ కథ తెలిసిన మన పిల్లలకు గుప్తా పేరు కూడా తెలియాలి.