హైదరాబాదు ఎన్ని గంటల దూరం?

ఇండియా టికెట్టు అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంత?", రెండోది "ఎన్ని గంటలు?". మొదటిదానికి జవాబు ట్రావెల్ ఏజెంటు చెప్పాలి కానీ, రెండోదాన్ని మనమే లెక్క కట్టుకోవచ్చు. అమ్మానాన్నలు ఒంటరిగా వస్తున్నప్పుడు ఈ లెక్క తెలిసి ఉండడం మంచిదని నా అభిప్రాయం.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శంషాబాదు అనుకుందాం. మామూలు మెర్కేటర్ మ్యాపు మీద స్కేలు పెట్టి పసిఫిక్ మీదుగా గీత గీస్తే సుమారు 15,700 కిలోమీటర్లు వస్తుంది. అదే గ్లోబు మీద దారం బిగించి చూడండి. దారం అలాస్కా మీదుగా పైకి పోయి, ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, సైబీరియాలోకి దిగుతుంది. పొడవు 13,540 కిలోమీటర్లే! దీన్ని లెక్కించేది హేవర్‌సైన్ సూత్రం. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు ఇస్తే చాలు, పది లైన్ల ప్రోగ్రాము. (డిగ్రీలని రేడియన్లలోకి మార్చాలని మీకు వేరే చెప్పక్కర్లేదు కదా!)

గంటకి 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే 15 గంటలు. కానీ విమానం మన సూత్రం చెప్పినట్టు నడవదు. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దగ్గరి దారి 12,380 కిలోమీటర్లు. అయినా 2016 అక్టోబరులో ఎయిరిండియా తన విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చింది. దారి సుమారు 15,300 కిలోమీటర్లైనా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనకనుంచి తోస్తుంది మరి. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురొస్తుంది.

దారి ఎటు పోతోందన్నది కూడా ముఖ్యమే. 2023 జూన్ 6న ఇదే మార్గంలో వస్తున్న విమానం ఇంజను ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు వేరే విమానం వచ్చేదాకా ఊరుకాని ఊళ్ళో గడిపారు. పెద్దవాళ్ళ బీపీ, షుగరు మందులు చేతిసంచీలో ఉండాలనేది ఇందుకే.

ఇక దుబాయిలో మారితే 13,040, ఆపైన 2,550 కిలోమీటర్లు. దగ్గరి దారికన్నా 2,050 ఎక్కువ, అంటే గాల్లో రెండుంపావు గంటలు. మిగతా ఆలస్యమంతా ఎయిర్‌పోర్టులో కూర్చోవడమే. అయినా అమ్మానాన్నలకి నేను గంట కనెక్షన్ ఎప్పుడూ కొనను. వీల్‌చెయిరు వచ్చేసరికే సగం గంట అయిపోతుంది.

టికెట్టు మీద వేళలు చూసి తీసివెయ్యకండి, రెండింటినీ యూటీసీలోకి మార్చండి. శుక్రవారం మధ్యాహ్నం 3కి ఇక్కడ ఎక్కి ఆదివారం తెల్లవారుజామున 3:30కి శంషాబాదులో దిగితే, వేసవిలో అది 24 గంటల ప్రయాణం. నవంబరులో మనం గడియారాలు వెనక్కి తిప్పాక అవే వేళలకి 23 గంటలే. ఇండియా గడియారం మాత్రం కదలదు.