ఢిల్లీలో మహంగా... వరంగల్‌లో అగ్గువ

ఉల్లి ధర పెరిగిందంటే చాలు, హిందీ చానళ్లన్నీ ‘మహంగాయీ’ అని హోరెత్తిస్తాయి. ఆ మాటకు పుట్టిల్లు సంస్కృతం. అర్ఘం అంటే ధర. మహార్ఘం అంటే పెద్ద ధర. జనం నోళ్లలో నలిగి నలిగి అదే హిందీలో మహంగా, మరాఠీలో మహాగ్, గుజరాతీలో మోంఘు అయింది. బెంగాలీలు దాన్ని రాతలో నలగనివ్వలేదు. మన ఉద్యోగి కరువు భత్యం అందుకుంటే, అక్కడి ఉద్యోగి ‘మహార్ఘ భాతా’ అందుకుంటాడు.

తెలుగు సంతలో మాత్రం ఈ అర్ఘానికి చోటు దొరకలేదు. వెల, ధర దాన్ని రానివ్వలేదు. అనర్ఘ రత్నం వంటి గ్రాంథిక ప్రయోగాల్లోనూ, పంచాంగంలోనూ మిగిలింది. ఉగాది నాడు సిద్ధాంతి రాజు, మంత్రి, సేనాధిపతి అంటూ నవనాయకులను చదువుతూ ‘అర్ఘాధిపతి’ అంటాడు. వినేవాళ్లలో చాలామంది అది సూర్యుడికి వదిలే అర్ఘ్యం సంగతి అనుకుంటారు. కాదు, ఆయన ధరలకు అధిపతి. ఆ ఏడాది బియ్యం, పప్పు, నూనె ఏ రేటు పలుకుతాయో చెప్పే ఘట్టమది. అయితే అర్ఘ్యం పరాయిదేమీ కాదు. అమరకోశం అర్ఘానికి ధర, పూజావిధి అని రెండు అర్థాలూ ఇచ్చింది. అర్హత కూడా ఈ ఇంటి మాటే.

ధరల జోస్యం నిన్నటిది కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి అర్ఘకాండమని ఒక అధ్యాయమే కేటాయించాడు. సూర్యుడు ఏ రాశిలో ఉండగా ఏ శకునం కనిపిస్తే ఏ సరుకు కొని దాచాలో, ఎన్ని నెలలకు అమ్మితే లాభమో అందులో ఉంటుంది. నమ్మకం మాట ఎలా ఉన్నా, సరుకు నిల్వ పెట్టి ధర కోసం కాచుకునే వర్తకుడు అప్పటికే ఉన్నాడని దాన్నిబట్టి తెలుస్తుంది.

నన్ను బాగా పట్టుకున్న విషయం ఇంకొకటి. పాళీ, ప్రాకృతాల్లో అర్ఘం ‘అగ్ఘ’ అయింది. కన్నడంలో చౌకను ‘అగ్గ’ అంటారు, దాన్ని అర్ఘానికి తద్భవంగా చెబుతారు. తెలంగాణలో ‘అగ్గువకు దొరికింది’ అంటాం. మన అగ్గువదీ అదే కుదురు అని నా అభిప్రాయం. అదే నిజమైతే ఒకే మాట ఉత్తరాన జేబుకు చిల్లు పెట్టి, దక్షిణాన చౌక బేరమైంది. సముద్రం దాటినా దానికి పని దొరికింది. ఇండోనేషియాలో నేటికీ ధరను ‘హర్గా’ అనే అంటారు.

మూల్యం కథ వేరు. హిందీలో అది పొట్లం మీద అచ్చయ్యే ధర. ‘సమర్థన్ మూల్య’ అంటే రైతుకిచ్చే మద్దతు ధర. తెలుగులో దాన్ని మద్దతు మూల్యం అనకపోవడం మంచిదైంది. మనకు మూల్యం చెల్లించడమంటే తప్పుకు ఫలితం అనుభవించడం. రైతుకు కావలసింది ధర. హిందీ ప్రకటనను మక్కికి మక్కి దించే అనువాదకులు ఇది గుర్తుంచుకోవాలి. సంస్కృత పదం కనబడగానే అన్ని భాషల్లోనూ ఒకటే అర్థమనుకుంటే పప్పులో కాలేసినట్టే.

కరువు భత్యాన్నే చూడండి. మలయాళీలకు అది క్షామబత్త. తమిళులు ధాన్యం వెలను పట్టుకుని ‘అగవిలైప్పడి’ అన్నారు. ధర పెరగడంలో బెంగాలీలు ధరనే చూస్తే, మనమూ మలయాళీలూ కరువును చూశాం.

కోస్తాలో సరుకు ‘ప్రియమైంది’ అనే మాట, తెలంగాణలో ‘పిరమైంది’ అనే మాట అమ్మమ్మల నోట ఇంకా ఉన్నాయి. పత్రికల్లో మాత్రం ‘ధరలు ఆకాశాన్నంటాయి’ అనే అరిగిపోయిన వాక్యమే ఏటా అచ్చవుతోంది. విలేకరులారా, పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలారా, అగ్గువను, పిరాన్ని మాండలికమని పక్కన పెట్టకండి. శీర్షికల్లో రాయండి, పాఠాల్లో పెట్టండి.