“మా వాడు అది తినడు సార్!”



మన బడిలో మధ్యాహ్నం బిసియూట అయ్యాక, పిల్లలు చేతులు కడుక్కునే చోట ఒక బకెట్ పెడతాం. పళ్ళెంలో మిగిలింది అందులో వెయ్యాలి. బడి తెరిచినప్పటి నుంచి రోజూ ఒకసారి ఆ బకెట్‌లోకి చూడడం నాకు అలవాటయింది. అన్నం పెద్దగా కనిపించదు. కనిపించేవి సాంబారులోని ముక్కలు. క్యారెట్, బీన్స్, బీట్‌రూట్, సొరకాయ. కరివేపాకు సంగతి సరేసరి. ఉప్పిట్టు చేసిన రోజు బకెట్ బరువు పెరుగుతుంది. పిల్లలు దాన్ని ‘కాంక్రీట్’ అంటారు. ఈ పేరు మన పిల్లలు పెట్టింది కాదు, బెంగళూరు మొత్తం అనే మాటే.

దీని గురించి మీటింగులో అడిగితే ఎక్కువమంది తల్లిదండ్రులు చెప్పే సమాధానం ఒకటే: “మా వాడు అది తినడు సార్.” ఆ మాట పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకునే చెబుతారు. పిల్లవాడు కూడా ఏదో మెడల్ వచ్చినట్టు నవ్వుతాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

మధ్యాహ్న భోజన పథకం లెక్క ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లవాడికి పూటకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30, 75. ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టే పిల్లవాడికి ఆ మూడో అంకె సున్నా అయినట్టే. మా రిజిస్టర్‌లో మాత్రం ‘భోంచేశాడు’ అనే ఉంటుంది.

శ్రీనాథుడి పేచీ

తిండికి పేచీ పెట్టడం మన పిల్లలతో మొదలు కాలేదు. తెలుగువాళ్ళలో అందరికీ తెలిసిన పేచీకోరు శ్రీనాథ మహాకవి. పదిహేనో శతాబ్దంలో ఆయన ఊరూరా తిరిగినప్పుడు చెప్పినవిగా కొన్ని చాటు పద్యాలు ఇప్పటికీ ప్రచారంలో ఉన్నాయి. పల్నాడులో జొన్నకూడు, చింతచిగురు వేసిన బచ్చలికూర పెడితే ఆయన ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన విషం తాగావు, కార్చిచ్చు మింగావు, అవన్నీ సరే, ఈ ముద్ద ఒక్కటి మింగి చూపించు అన్నాడు.

ప్రౌఢదేవరాయల కొలువు కోసం కన్నడ రాజ్యానికి వచ్చినప్పుడూ అంతే. తలకు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందనీ, వెల్లుల్లి తినాల్సి వచ్చిందనీ, అంబలి తాగాల్సి వచ్చిందనీ వాపోయాడు. అదే కొలువులో ఆయన గౌడ డిండిమభట్టును ఓడించాడు, కనకాభిషేకం పొందాడు. అంతటి పండితుడికీ పరాయి చోట ముద్ద గొంతు దిగలేదు. మరి ఎనిమిదేళ్ళ పిల్లవాడి సంగతేమిటి?

ఇందులో ఒక తమాషా ఉంది. శ్రీనాథుడి బాధ వెల్లుల్లి తినాల్సి రావడం. 2019లో మన రాష్ట్రంలో నడిచిన చర్చ సరిగ్గా దానికి ఎదురు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండిన బడి భోజనాన్ని పిల్లలు ఇష్టంగా తినడం లేదని కొందరు, పోషకాల లెక్క సరిగ్గానే ఉందని కొందరు. నాకు అర్థమైంది ఇది: గిన్నెలో ఉన్న పోషకం వేరు, పిల్లవాడి కడుపులోకి వెళ్ళిన పోషకం వేరు. మధ్యలో నాలుక ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏ పథకమైనా బకెట్‌లోకే పోతుంది.

నాలుకకూ కారణాలుంటాయి

పుట్టిన బిడ్డ నాలుకకు తీపి తగిలితే చప్పరిస్తుంది, చేదు తగిలితే ముఖం చిట్లిస్తుంది. ఎవరూ నేర్పరు. చెట్లలో విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి చేదును ఉమ్మేయడం ప్రాణరక్షణ. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా కొత్త తిండి అంటేనే పిల్లలకు అనుమానం ఎక్కువ. కాళ్ళు వచ్చి కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఆ అనుమానం మంచిదే. కాబట్టి మూడేళ్ళ పిల్ల కాకరకాయ వద్దంటే అది మొండితనం కాదు. శరీరం తన పని తాను చేసుకుంటోంది.

అందరి నాలుకా ఒకటి కాదు కూడా. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. పక్కనున్నాయన నోరంతా చేదు అన్నాడు. ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడా వంశపారంపర్యంగా వస్తుందని తరువాత తేలింది. క్యాబేజీ జాతి కూరల్లో ఉండే చేదు కూడా ఇలాగే కొందరికి ఎక్కువ తెలుస్తుంది, కొందరికి తెలియనే తెలియదు. కొత్తిమీర కొందరికి సబ్బు వాసన కొట్టడానికీ ఇలాంటి పుట్టు కారణం ఉంది. ఇక బెండకాయ జిగురు, వంకాయ మెత్తదనం, ఎక్కువసేపు ఉడికిన క్యాబేజీ వాసన ఉన్నాయి. వీటిలో పిల్లలు వద్దనేది రుచినే కాదు, నోట్లో అది తగిలే తీరును.

మూడో కారణం అలవాటు. అది కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, వాళ్ళ బిడ్డలు తరువాత క్యారెట్ కలిపిన ఆహారాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్ళు 2001లో చూపించారు. గోంగూర ఇంటి బిడ్డకు పులుపు, అనంతపురం బిడ్డకు సంగటి ఎందుకు ‘మనది’ అనిపిస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నా తప్పు ఒకటి

కొన్నేళ్ళ క్రితం నాలుగో తరగతిలో ఒక అబ్బాయి చదువు మధ్యలో వచ్చి చేరాడు. పల్నాడు వైపు కుటుంబం, తండ్రి బిల్డింగు పని. వాడు సాంబారు ముట్టేవాడు కాదు. అడిగితే “పప్పు తియ్యగా ఉంది సార్” అన్నాడు. నిజమే కదా, ఇక్కడ సాంబారులో బెల్లం పడుతుంది. కారం, పులుపు తిన్న నోటికి అది పప్పులా కాదు, పాయసం చెడిపోయినట్టు ఉంటుంది. నేను అదంతా ఆలోచించలేదు. అన్నం పారేయకూడదు, తిని లేవాలి అని పక్కనే నిలబడ్డాను. మిగతా పిల్లలు చూస్తున్నారు. తిన్నాడు. తిని వెంటనే కక్కుకున్నాడు. మర్నాటి నుంచి నాలుగు రోజులు బడికే రాలేదు. వచ్చాక పళ్ళెం పట్టుకోవడమే మానేశాడు. నాలుగింటి దాకా ఖాళీ కడుపుతో కూర్చునేవాడు. మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేవాడు.

వాడికి చదువు రాలేదని మేం అనుకున్న వారాల్లో వాడికి ఆకలి వేస్తోంది. ఇది నేను మరిచిపోలేదు.

తరువాత మా వంటమ్మ నాకంటే తెలివిగా ఆలోచించింది. వాడికి అన్నం, మజ్జిగ పెట్టి, పళ్ళెం ఓరన ఒక్క చెంచా సాంబారు, ఒకే ఒక్క ముక్క వేసేది. తిను అనేది కాదు, తినలేదేం అనేది కాదు. ఇంటి నుంచి ఒక చిన్న డబ్బాలో ఊరగాయ తెచ్చుకోనిచ్చాం. దసరా సెలవులయ్యాక చూస్తే సాంబారు కలుపుకుంటున్నాడు. బీట్‌రూట్ మాత్రం బడి వదిలి వెళ్ళేదాకా తినలేదు. పోనివ్వండి, ఒకటి తినకపోతే ఏమీ కాదు.

వంటమ్మ చేసిన పనిని పరిశోధకులు కూడా సరైనదే అంటారు. కొత్త రుచిని చిన్న మోతాదులో, బలవంతం లేకుండా ఎనిమిది నుంచి పదిహేను సార్లు ముందు పెడితే చాలామంది పిల్లలు దాన్ని ఒప్పుకుంటారు. మనం రెండు సార్లు పెట్టి, మూడోసారికి “మా వాడు తినడు” అని తీర్పు చెప్పేస్తాం. లంచం కూడా పనిచేయదు. లియాన్ బర్చ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామని పిల్లలకు చెప్పి చూసింది. తాగారు, కానీ ఆ తరువాత ఆ పానీయం మీద వాళ్ళ ఇష్టం తగ్గింది. “కూర తింటే చాక్లెట్ ఇస్తా” అనగానే పిల్లవాడికి అర్థమయ్యేది ఇది: కూర శిక్ష, చాక్లెట్ బహుమానం.

రాగి ఎవరిది?

2013 ఆగస్టు నుంచి ‘క్షీరభాగ్య’ కింద బడిలో పాలు ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి వారానికి మూడు రోజులు అందులో రాగి పిండి కలుపుతున్నారు. మొదట్లో ఆ రంగు చూసే చాలామంది గ్లాసు పక్కన పెట్టారు. ఒక పిల్ల “ఇది కన్నడవాళ్ళది సార్, మాది కాదు” అంది. ఆ పిల్ల నాయనమ్మది మదనపల్లె వైపు. రాగి సంగటి తిని పెరిగిన మనిషి!

ఇక్కడ ముద్దె అన్నా, చిత్తూరు, అనంతపురాల్లో సంగటి అన్నా గిన్నెలో ఉన్నది ఒకటే. కోలారు జిల్లాలో తెలుగు ఇళ్ళలోనూ అదే వండుతారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పదికి అటూఇటూ. ఎముకలు పెరిగే వయసులో ఇది చిన్న తేడా కాదు. ఒక చిట్కా: సంగటి కొత్తగా తినే పిల్లవాడు నమిలితే పళ్ళకు అంటుకుని విసుక్కుంటాడు. చిన్న ముద్ద చేసి, పులుసులో ముంచి మింగడం నేర్పండి. చాలామంది వద్దనేది సంగటిని కాదు, ఆ అంటుకోవడాన్ని.

ఇష్టం లేకపోవడం వేరు, తినకూడకపోవడం వేరు

అన్ని ‘వద్దు’లూ ఒకటి కావు. గుడ్డు సంగతే చూడండి. 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక జిల్లాల్లో మొదలై తరువాత రాష్ట్రమంతా బడిలో గుడ్డు ఇస్తున్నారు. తినని పిల్లలకు అరటిపండు. ఇంటి ఆచారం వల్ల గుడ్డు తినని పిల్లవాణ్ణి తినమని ఎవరూ అడగరాదు. తినే పిల్లవాణ్ణి చూసి ఎవరూ ముక్కు మూసుకోరాదు. రెండూ ఒకటే మర్యాద. పాలు తాగితే కడుపు నొప్పి అనే పిల్లలలో కొందరికి నిజంగానే పాలు అరగవు. వేరుశనగ, గుడ్డు పడని పిల్లలూ ఉంటారు. ఇవి పేచీలు కావు. మాకు ముందే చెప్పాలి.

కొన్నిటికి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు నొప్పి అన్నా, తరచు వాంతి అవుతున్నా, తినేవి నాలుగైదు రకాలకు కుదించుకుపోయినా ఆలస్యం చేయకండి. బలపం, సుద్ద, మట్టి తినే పిల్లవాణ్ణి కొట్టకండి. రక్తం తక్కువైన పిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది. పరీక్ష చేయించండి.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• పిల్లవాడి ఎదుట “మా వాడు తినడు” అనకండి. “ఇంకా అలవాటు కాలేదు” అనండి. పిల్లలు మనం పెట్టిన పేరునే నిలబెట్టుకుంటారు.

• ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో మీరు నిర్ణయించండి. ఎంత తినాలో వాళ్ళకు వదిలేయండి.

• తినే వాటి పక్కన కొత్తది ఒక్క చెంచా. పదిసార్లు అయ్యేదాకా లెక్క పెట్టుకోండి.

• బడికి వచ్చేముందు కుర్కురే, బిస్కెట్ ప్యాకెట్లు వద్దు. ఆకలి లేని నోటికి ఏదీ రుచించదు. భోజనంతో పాటు టీ, కాఫీ కూడా వద్దు. తిన్నదానిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

• అందరూ కలిసి కూర్చుని తినండి. నాన్న కాకరకాయ పక్కకు నెట్టేస్తూ కొడుకును తినమంటే కుదరదు.

బడిలో మేం చేసేవి

వడ్డించేటప్పుడు కూర కొంచెమే వేస్తాం, అడిగితే మళ్ళీ వేస్తాం. ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టం. ఒకరి డబ్బాను ఇంకొకరు వెక్కిరిస్తే మాత్రం ఊరుకోం. మీ బిడ్డకు పడనివి, ఆచారం వల్ల తిననివి ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచరుకు పంపండి. ‘ఇష్టం లేనివి’ ఆ కాగితంలో రాయకండి. ఆ జాబితా ఏడాదిలో మారుతుంది. కాగితం మీదికెక్కితే మారదు.

వీలున్న తల్లులు, తండ్రులు, అవ్వాతాతలు ఏదో ఒక రోజు మధ్యాహ్నం వచ్చి పిల్లల పక్కన కూర్చుని భోంచేయండి. వచ్చే ముందురోజు ఒక ఫోన్ చేస్తే మీకూ కలిపి వండిస్తాం. ఉప్పిట్టు రోజు వస్తే మరీ మంచిది.

— ప్రధానోపాధ్యాయుడు