పాత కొమ్మకు కొత్త వేరు

నల్గొండ స్టేషనులో తిరుపతికి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు అడిగారనుకోండి. గుమాస్తా మీటలు నొక్కిన కొద్ది క్షణాల్లో బోగీ నంబరు, బెర్తు నంబరు వచ్చేస్తాయి. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడలో ఇంకొకరు అదే రైలుకు టిక్కెట్టు అడిగినా, ఒకే బెర్తు ఇద్దరికీ రాదు. ఈ లెక్కంతా చూసేదెవరు? వయసు మీరిన ఒక కంప్యూటరు ప్రోగ్రాము!

సికింద్రాబాదులో తొలి అడుగు

ఒకప్పుడు రిజర్వేషను అంటే లావుపాటి రిజిస్టర్లే. 1986లో ఢిల్లీలో ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. తరువాత రైల్వేవారి 'క్రిస్' సంస్థ 'కాన్సర్ట్' అనే ప్రోగ్రామును తయారుచేసింది. 1990 దశకం మధ్యలో దాన్ని మొట్టమొదట నడిపింది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ కలిసిపోయాయి. అందులోని ముఖ్యమైన లెక్కలను సి, ఫోర్ట్రాన్ భాషల్లో రాశారు. ఫోర్ట్రాన్ 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం రూపొందించిన భాష.

బత్తాయి చెప్పే పాఠం

ప్రోగ్రాము గాలిలో నడవదు. దానికి యంత్రం కావాలి. నడుస్తున్నంత సేపూ జ్ఞాపకంలో చోటిచ్చి, ఫైళ్ళు అందించి, పొరపాట్లను పట్టుకొనే సాఫ్ట్‌వేరు కూడా కావాలి. ఈ సాఫ్ట్‌వేరు ఏర్పాటునే 'రన్‌టైమ్' అంటారు.

మన జిల్లా బత్తాయి తోటలు గుర్తు తెచ్చుకోండి. మంచి చెట్టు నుంచి కన్ను తీసి, రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కడతారు. వేరు నిమ్మది, కాయ మాత్రం బత్తాయే! ప్రోగ్రాము కొమ్మ అయితే, యంత్రమూ రన్‌టైమూ వేరు అన్నమాట.

రిజర్వేషను వ్యవస్థ 2010 నుంచి ఇటానియం యంత్రాల మీద, ఓపెన్ వి.ఎం.ఎస్. అనే ఆపరేటింగ్ సిస్టంతో నడుస్తోందని 2025లో రైల్వేశాఖ చెప్పింది. ఇటానియం చిప్పుల సరఫరాను ఇంటెల్ 2021లోనే ఆపేసింది. రద్దీ చూస్తే, 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టిక్కెట్లు అమ్ముడుపోయాయి! నిమిషానికి లక్షన్నర టిక్కెట్లు ఇవ్వగల కొత్త వ్యవస్థను తెస్తామని ఆ ఏడే రైల్వేశాఖ ప్రకటించింది. వేరు మార్చక తప్పదని తేలింది. మరి కొమ్మనూ నరికేయాలా?

72వ బెర్తు ఎక్కడ?

అక్కడే చిక్కుంది. స్లీపరు బోగీలో 72 బెర్తులున్నాయనుకుందాం. ఫోర్ట్రాన్‌లో పట్టిక మామూలుగా 1తో మొదలై 72తో ముగుస్తుంది. జావాలో అయితే 0తో మొదలై 71తో ముగుస్తుంది. పాత నంబర్లనే గుడ్డిగా దించితే, 72వ బెర్తు అడిగినప్పుడు పట్టిక దాటిపోతాం. జావా రన్‌టైమ్ వెంటనే "తప్పు!" అని ప్రోగ్రామును ఆపుతుంది. సి భాష అలా తనిఖీ చెయ్యదు. అక్కడ ఏ చెత్త ఉంటే దాన్నే చదివేస్తుంది. కొత్త రన్‌టైమ్‌ల గొప్ప లాభం ఈ కాపలాయే.

కాని ఏ కాపలాదారూ పట్టలేని తప్పులున్నాయి. కోటాలు, వెయిటింగు లిస్టు, ఆర్.ఏ.సి., రద్దు నియమాలు ఏళ్ళ తరబడి ఆ పాత వాక్యాల్లోకి చేరాయి. తిరగరాసేటప్పుడు ఒక్క నియమం జారిపోయినా ప్రోగ్రాము ఆగదు. ఎవరో ఒక ముసలమ్మకు మాత్రం రావలసిన కింది బెర్తు రాదు.

భాషకు వయసు రావడం జబ్బు కాదు. ఫోర్ట్రాన్‌కు 2023లో కూడా కొత్త ప్రమాణం వచ్చింది. ఓపెన్ వి.ఎం.ఎస్. కూడా 2022లో మామూలు సర్వర్లలోని చిప్పుల మీదికి చేరింది. కనుక వేరు మార్చాలి; కొమ్మను మాత్రం కొంచెం కొంచెంగా మార్చాలి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపి, ఒకే ప్రశ్నకు రెండూ ఒకే జవాబు ఇస్తున్నాయని తేలాకే పాతదాన్ని ఆపాలి.

మీ బడిలో కంప్యూటరుంటే పైథాన్‌లో 7/2 అని కొట్టి చూడండి. 3.5 వస్తుంది. ఫోర్ట్రాన్‌లో అవే పూర్ణాంకాలకు జవాబు 3. ఏడు బెర్తులను రెండు కోటాలకు పంచవలసి వస్తే, ఆ సగం బెర్తు ఎవరికిస్తారు?